మా పిల్లల మంచం పక్కన మీ ఫోటో ఎందుకు?

కోదాడ పోండి, సూర్యాపేట పోండి, మిర్యాలగూడ పోండి. బస్టాండు సెంటర్లో తలెత్తితే ఫ్లెక్సీ. కోటు, టై, కోటు మీద బిళ్ల. పేరుకు ముందు 'లయన్' అనో 'రొటేరియన్' అనో ఉంటుంది. పేరుకు వెనక ఎం.జె.ఎఫ్. అనో పి.హెచ్.ఎఫ్. అనో ఉంటుంది. కింద 'పసిపిల్లల ఆసుపత్రి సహాయార్థం' అని రాసి ఉంటుంది. ఓ మూలన మంచం మీద పిలగాడు, చేతికి సూది, బిత్తర చూపులు. ఫ్లెక్సీ మీద ఇరవై పేర్లుంటే ఆ పిలగాడి పేరు మాత్రం ఉండదు. ఏ ఊరి పిలగాడో, ఏ వాడ పిలగాడో రాయరు. రాయకపోయినా మనకు తెలుసు. ఆ చూపు మన ఇండ్లల్ల రోజూ చూసేదే.

ఈ పక్షం ఈ ఫ్లెక్సీల సంగతి మాట్లాడుకుందాం.

"మంచి పని చేస్తే కూడా ఏడుస్తారేంది మీరు?" అని కొందరు అప్పుడే గొణుగుతున్నారు. ఏడుపు కాదయ్యా, లెక్క. ఆ క్లబ్బులు చేసిన మేలు మనకు కనిపించక కాదు. లయన్స్ క్లబ్బును 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి పెట్టించాడు. 1925లో కళ్లు, చెవులు రెండూ లేని హెలెన్ కెల్లర్ వాళ్ల సభకొచ్చి గుడ్డివాళ్ల కోసం పనిచేయమని అడిగింది. అప్పట్నుంచి కంటి ఆపరేషన్లు వాళ్ల ముఖ్యమైన పని అయింది. మన వాడల్లోనూ చూపొచ్చిన ముసలమ్మలున్నారు. ఆ చూపు వాపసు ఇచ్చెయ్యమని మనమెవరమూ చెప్పం. ఇప్పుడు పిల్లల క్యాన్సర్ కూడా వాళ్ల పనుల పట్టికలో చేరింది. చేరనియ్యండి. బిడ్డ దాకా చేరిన రూపాయి మీద మనకు తగాదా లేదు. ఇచ్చేవాడెవడు, పుచ్చుకునేవాడెవడు, ఇది ఎవరు ముందే రాసిపెట్టారు? ఈ ఇచ్చుడు సందట్లో మనకు రావాల్సిన బాకీ ఏమైపోతోంది? తగాదా అక్కడ.

వీటిని సోదర సంఘాలంటారు. సోదరులు అనే మాట వినసొంపుగా ఉంది. మరి ఆ సోదరుల ఇంట్లోకి దారెట్లా ఉందో చూడండి. లయన్స్ క్లబ్బులో మనమై మనం పోయి చేరే పద్ధతి కాదు, లోపలున్నవాడు పిలవాలె. రోటరీ ఇంకో అడుగు ముందుకేసింది. 1905లో పాల్ హారిస్ అనే వకీలు చికాగోలోనే దాన్ని మొదలుపెట్టినప్పుడు వృత్తికి ఒక్కడు అని నియమం పెట్టుకున్నారు. ఒక వకీలు, ఒక బట్టల వ్యాపారి, ఒక బొగ్గు వ్యాపారి, ఇట్లా. ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకోకుండా ఒకరికొకరు పని తెచ్చిపెట్టుకోవడానికి. అమెరికాలో అది వ్యాపార నియమం. మన దగ్గర వృత్తి అంటే ఏంది? పుట్టుకతో మెడకు కట్టిన కులం! వృత్తికి ఒక్కడు అన్నవాళ్ల వృత్తుల జాబితాలో చెప్పులు కుట్టే వృత్తి ఉంటుందా? డప్పు కొట్టేవాడు, పాకీ పని చేసేవాడు, నాట్లేసే కూలమ్మ, వీళ్లు ఏ వృత్తి కింద సోదరులవుతారు? రైస్ మిల్లు ఉంది, ఎరువుల దుకాణం ఉంది, నర్సింగ్ హోం ఉంది, కాంట్రాక్టరు ఉన్నాడు. మిల్లులో బస్తా మోసే హమాలీ ఆ మిల్లు ఓనరుకు సోదరుడు కాలేడు, ఆయన దానానికి పాత్రుడు మాత్రం అవుతాడు. మనోళ్లు ఒకరిద్దరు లోపల లేరా అంటే ఉన్నారు, ఇంజనీరో డాక్టరో అయినంక. ఇక సోదరీమణుల సంగతి. లయన్స్ ఆడవాళ్లను చేర్చుకున్నది 1987లో. రోటరీ 1989లో, అది కూడా అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చినాకనే.

లయన్స్‌లో ఒక పదవి ఉంది, టెయిల్ ట్విస్టర్, అంటే తోక మెలేసేవాడు. మీటింగుకు బిళ్ల పెట్టుకు రానివాడికి సరదాగా జరిమానా వేసి నవ్విస్తాడు. పెద్దలకు జరిమానా అంటే అంత సరదా. మన వాడకు జరిమానా పడ్డ రోజులు చూసినవాళ్లు నవ్వలేరు.

అసలు పిల్లల ఆసుపత్రులకు చందాలెత్తే సోదర సంఘం అంటే ప్రపంచంలో మొదట చెప్పుకునేది అమెరికాలోని ష్రైనర్లను. వాళ్ల కథ మన పాఠకులు తెలుసుకోవాలె. వీళ్లు మేసన్లు అనే పాత రహస్య సోదర సంఘంలోంచి 1870ల్లో పుట్టిన శాఖ. ఈ మేసన్లు మనకు దూరపోళ్లేం కాదు, హైదరాబాదులో గోషామహల్ బారాదరి నిజాం జమానా నుంచి వాళ్ల అడ్డా. ష్రైనర్లు నెత్తిన ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకుంటారు. (కుచ్చుటోపీ అంటే మన దగ్గర ఇంకో అర్థముంది. నేను కావాలని అనలేదు, వాళ్లు నిజంగానే పెట్టుకుంటారు.) ఊరేగింపులు తీస్తారు, సర్కసులు ఆడిస్తారు, డబ్బు పోగేస్తారు. పోలియోతో కాళ్లు పోయిన పిల్లల కోసం 1922లో లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్లో మొదటి ఆసుపత్రి తెరిచారు. తర్వాత ఎన్నో తెరిచారు. దశాబ్దాల పాటు తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. ఇది నిజం, మెచ్చుకోవాలె.

ఇప్పుడు రెండో నిజం. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి మనిషి, అతనితో పాటు ఇంకో 14 మంది నల్లవాళ్లు మేసన్లుగా చేరారు. చేర్చుకున్నది బ్రిటిష్ సిపాయిల లాడ్జి. అక్కడి తెల్ల మేసన్లు మాత్రం వీళ్లను సోదరులుగా ఒప్పుకోలేదు. లోకమంతా అన్నదమ్ములమే అని ప్రమాణం చేసినోళ్లే ఒప్పుకోలేదు! వీళ్లేమో ఏడుస్తూ గుమ్మం ముందర కూచోలేదు. ఇంగ్లండుకు రాసి 1784లో పత్రం తెప్పించుకుని సొంత లాడ్జి నడుపుకున్నారు. 1893లో చికాగోలో నల్లవాళ్లు తమ సొంత ష్రైన్ కూడా పెట్టుకున్నారు. తెల్ల ష్రైనర్లకు అదీ కంటగింపయింది. మా పేరు పెట్టుకోవద్దు, మా టోపీ పెట్టుకోవద్దు అని కోర్టుకెక్కారు. టోపీ కోసం! కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1929లో నల్లవాళ్లే గెలిచారు. ఏండ్ల తరబడి కళ్లముందే నడుస్తుంటే ఊరుకుని ఇప్పుడొచ్చి ఆపమంటే కుదరదంది కోర్టు. మొదటి ఆసుపత్రి తెరిచిన ఆ సంవత్సరాల్లోనే ఈ వ్యాజ్యాలూ నడిచాయి. ఒక చేత్తో పిల్లల ఆసుపత్రికి చందా, ఇంకో చేత్తో నల్లవాడి నెత్తి మీది టోపీ లాగుడు. దాతృత్వమూ వివక్షా ఒకే ఇంట్లో కాపురం చెయ్యగలవని దీన్ని మించిన రుజువేం కావాలె?

ఇక మన జిల్లాకొద్దాం.

పేరు చెప్పను. నేను పనిచేసిన ఒక బడికి ఒక క్లబ్బువాళ్లు వచ్చారు. పిల్లల ఆసుపత్రి కోసం పాటల కచేరీ, టికెట్టు పది రూపాయలు, పిలగాడికి ఇరవై టికెట్ల పుస్తకం. అమ్ముకు రావాలె. మా తరగతిలో సగం మంది కూలోళ్ల పిల్లలు. షావుకారి కొడుకు పుస్తకం తండ్రి కొట్లోనే సాయంత్రానికి అయిపోయింది. మాదిగవాడ పిలగాడు ఎవరికి అమ్ముతాడు? పెద్ద బజారుకు పోతే "నీకెవడిచ్చిండ్రా ఈ పుస్తకం?" అంటారు. వాడలోనే తిరిగాడు. మిరప ఏరి వచ్చిన తల్లి కూలి డబ్బుల్లోంచి ఒక పది, పక్కింటి తాత పింఛనులోంచి ఒక పది. రెండు టికెట్లు అమ్మి పద్దెనిమిది వాపసు తెచ్చాడు. ప్రార్థనలో వాణ్ని నిలబెట్టారు, "సేవాభావం లేదు" అని. నేను అడ్డం పడ్డాను, ఆ గొడవ ఇక్కడొద్దు. నెల తిరిగాక పేపర్లో ఫోటో. అట్టతో చేసిన నిలువెత్తు చెక్కు, దాన్ని పట్టుకుని పది మంది కోట్లు. అందులో మిరప ఏరిన తల్లి పది రూపాయలు ఉన్నాయా లేవా? ఉన్నాయి. ఆమె పేరు ఉందా? లేదు. దాత ఎవరు?

మొత్తం ఎంత వసూలైంది, మైకుసెట్టుకెంత, పాటగాళ్లకెంత, రాత్రి విందుకెంత, ఆసుపత్రికెంత అని కాగితం మీద రాసి అడిగాను. "మాస్టారూ, సేవకు కూడా లెక్కలడుగుతారా?" అన్నారు. అడుగుతాం మరి. మీ మిల్లులో తరుగు లెక్క తప్పితే హమాలీని అడగరా?

ఇక్కడ ఆ పేరెనకాల అక్షరాల సంగతి కూడా చెప్పాలె. ఎం.జె.ఎఫ్. అంటే మెల్విన్ జోన్స్ ఫెలో. పి.హెచ్.ఎఫ్. అంటే పాల్ హారిస్ ఫెలో. బి.ఏ., ఎం.ఏ. లాగా చదివి తెచ్చుకున్నవి కావు. ఆ క్లబ్బుల ఫౌండేషన్లకు వెయ్యి డాలర్లు చెల్లితే ఇచ్చే గుర్తింపు. ఇవాళ్టి లెక్కన ఎనభై వేల పైమాట. వాళ్ల డబ్బు వాళ్లిష్టం. కానీ మా నాయన నన్ను బి.ఏ. చదివించడానికి పడ్డ కష్టం ఎరిగినవాణ్ని కాబట్టి, పేరెనకాల కొన్న అక్షరాలు చూస్తే నాకు కడుపులో ఏదో తిప్పుతుంది. పెద్ద చెక్కు రాసిన దాతకు ఆదాయపు పన్నులో 80జి కింద మినహాయింపు కూడా దొరకవచ్చు. మిరప కూలి లోంచి టికెట్టు కొన్న తల్లికి సబ్బుబిళ్ల మీద కట్టే పన్నులో పైసా మినహాయింపు లేదు.

కులం దానబుద్ధిని కూడా కుళ్లబెట్టిందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. సాయం చేసే చెయ్యి కూడా ముందు కులం చూస్తుందని. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ స్వేచ్ఛ, సమానత్వాల పక్కన సోదరభావాన్ని కూడా నిలబెట్టి, ఒకటి విడిచి ఇంకోటి బతకదని హెచ్చరించాడు. ఆ సోదరభావం పిలుపు మీద లోపలికి రానిచ్చేది కాదు. ఒకే బావి, ఒకే బల్ల, ఒకే పెళ్లిపందిరి దాకా పోయేది.

పెళ్లిపందిరి అన్నాను కాబట్టి మిర్యాలగూడ పేరు ఎత్తక తప్పదు. 2018 సెప్టెంబర్ 14న పెరుమాళ్ల ప్రణయ్‌ను నరికి చంపింది ఎక్కడ? ఆసుపత్రి దగ్గర. గర్భంతో ఉన్న భార్య అమృతను డాక్టరుకు చూపించి బయటికొస్తుంటే, ఆమె కళ్లముందే. మాల పిలగాడు కోమటి పిల్లను పెళ్లాడినందుకు, పిల్ల తండ్రే డబ్బిచ్చి చంపించాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఏడేండ్ల నాడు చనిపోయినవాడి బిడ్డ తండ్రిని చూడకుండానే పెరుగుతున్నాడు. పసిపిల్లల మీద ప్రేమ అంటే చెక్కు మీద సంతకం ఒక్కటే కాదని, కడుపులో ఉన్న పసివాడి తండ్రి ఏ కులమైనా బతకనివ్వడం దాని మొదటి మెట్టని ఈ పట్టణాల పెద్దమనుషులు తమ మీటింగుల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో వాళ్లే చెప్పాలె. గంట కొట్టి మొదలుపెట్టే మీటింగులు వాటికి లోటు లేదు.

సరే, పిల్లల్ని నిజంగా బతికించింది ఏందో చూద్దాం. మన మేళ్లచెరువు వైపు నుంచి బిడ్డకు ప్రాణం మీదికొస్తే కోదాడ, అక్కణ్నుంచి సూర్యాపేటో ఖమ్మమో, అక్కడ కాదంటే హైదరాబాదు నీలోఫర్. క్యాన్సరయితే అదే రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. రెండూ సర్కారు దవాఖానలే. నీలోఫర్ 1953లో వచ్చింది. నిజాం చిన్న కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే ఆడమనిషి 1949లో కాన్పులో చనిపోతే, ఇంక ఏ రఫత్ ఇట్లా చావొద్దని రాకుమారి పట్టుబట్టడంతో మొదలైంది దాని కథ. రఫత్ ఒక పనిమనిషి. ఆమె చావు లోంచి పుట్టిన దవాఖానకు రాకుమారి పేరు పడింది. ఆ పేరుతోనే ఉండనియ్యండి, కానీ రఫత్ పేరు కూడా మనం మర్చిపోవద్దు. ఒకసారి సర్కారుదైనాక అది ఎవరి దయా కాదు. అక్కడ మంచానికి ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టిన రోజులున్నాయి, మెట్ల మీద తల్లులు పడుకున్న రాత్రులున్నాయి. అయినా అక్కడ తల్లి నిలదీయగలదు. ధర్మాసుపత్రిలో దాతను నిలదీయలేదు.

పోలియో చూడండి. రోటరీ 1985 నుంచి దాని మీద డబ్బు పెట్టింది, పెద్ద మొత్తమే పెట్టింది. 2014 మార్చిలో మన దేశంతో కూడిన ప్రాంతానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఆ గొప్ప క్లబ్బుకు ఎంతుందో, ఐస్ పెట్టె భుజానికేసుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, ఏఎన్ఎంకు అంతకంటే ఎక్కువుంది. ఇంకో మాట. పోలియో ఎందుకు పోయింది? కులం అడక్కుండా, ఫోటో అడక్కుండా, ప్రతి ఇంట్లో ప్రతి బిడ్డ నోట్లో రెండు చుక్కలు వేశారు కాబట్టి పోయింది. ఎంపిక చేసిన పదిమంది పిల్లలకు సభ పెట్టి వేసి ఉంటే ఇప్పటికీ ఉండేది.

ఫ్లోరైడు సంగతి నల్లగొండ బిడ్డలకు నేను చెప్పాలా? వంకర తిరిగిన కాళ్లతో ఎంతమంది పిల్లలు పెరిగారు ఈ గడ్డ మీద! ఆ ఎముకల్ని మళ్లీ సాఫు చేసే మందు ఏ ఆసుపత్రిలోనూ లేదు. అది నీళ్ల జబ్బు. నీళ్లు మారితేనే పోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ కనిపెడితే దానికి 'నల్లగొండ పద్ధతి' అని మన జిల్లా పేరే పెట్టారు. పేరు లోకమంతా పోయింది. నదీజలం కోసం మాత్రం ఉద్యమాలు చేయాల్సొచ్చింది, ఎడమ కాలువ పక్కనే పారుతున్నా పై ఊర్లు దశాబ్దాలు ఎదురుచూడాల్సొచ్చింది. కాలువ ఎటు పోవాలో తేల్చింది రాజకీయం. అది క్లబ్బుల చేతిలో పని కాదు. పోనీ రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తం తక్కువని తేలింది. దానికి ఏడాదికోసారి పుట్టినరోజునాడు పంచే అరటిపండు, రొట్టె మందా? కూలి రేటు మందు, భూమి మందు, అంగన్‌వాడీలో రోజూ గుడ్డు మందు.

ఇప్పుడు బాకీ సంగతి. మన మేళ్లచెరువు కింద సున్నపురాయి. అందుకే ఇక్కడ సిమెంటు. రాయి మన కాళ్లకింది నుంచి పోతుంది, దుమ్ము మన ఇండ్ల మీద పడుతుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని తవ్వేవాడు సర్కారుకు కట్టే రాయల్టీ మీద అదనంగా, పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో దక్కిన లీజులకు 10 శాతం, ఈ నిధికి కట్టాలి. ఆ డబ్బు గని ప్రభావం పడ్డ ఊళ్లకు ఖర్చు పెట్టాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం, స్త్రీ శిశు సంక్షేమం లాంటి వాటికేనని అదే ఏడాది కేంద్రం నిబంధన పెట్టింది. ఇది కాక, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఇంకా కాక, ఎస్సీ ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది, మన జనాభా ఎంత శాతమో బడ్జెట్టులో అంత మన పేరున పెట్టాలని. ఇవన్నీ చట్టాలు. చందాలు కావు. కోదాడ దవాఖానలో పిల్లల డాక్టరు రాత్రి పూట కూడా ఉండాలన్నా, పురిటి బిడ్డకు వెచ్చటి పెట్టె ఉండాలన్నా, మేళ్లచెరువు నుంచి ఎప్పుడైనా అంబులెన్సు దొరకాలన్నా అడగాల్సిన చోటు ఇది. దండ వేసి పిలిచిన క్లబ్బు అధ్యక్షుడి దగ్గర చేయి చాపితే, కలెక్టరాఫీసు బాకీ మాఫీ అయినట్టే. పెద్దమనుషులకు ఈ దానాల మీద అంత ముచ్చట ఎందుకో ఇప్పుడర్థమైందా? హక్కుగా అడిగేవాణ్ని దండం పెట్టేవాడిగా మార్చడానికి ఇంత చవక దారి ఇంకోటి లేదు.

మనకు సంఘాలు కట్టుకునే చరిత్ర లేదా? భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో దాన్ని మాన్య సంఘం చేశాడు. 1910లోనే హైదరాబాదు ఇసామియా బజారులో మన పిల్లల కోసం బడి తెరిచాడు. ఆ సంఘంలో చేరడానికి కోటు అక్కర్లేదు. ప్రిన్స్ హాల్ లాగే ఆయనా మూసిన తలుపు ముందర కూచోలేదు.

కాబట్టి వాడల్లోని సంఘం పిల్లలకు, తోటి టీచర్లకు చెప్పేది ఇది. బడిలోకి టికెట్టు పుస్తకాలు దిగనియ్యొద్దు. దిగితే వసూలు, ఖర్చు, చెల్లింపు లెక్క బడి గోడ మీద అంటించాకనే అని చెప్పండి. మంచం మీదున్న బిడ్డను ఫోటో తీస్తే తల్లిని అడిగి తీశారా అని అక్కడికక్కడే అడగండి. వాళ్లు ఆపరేషన్ చేయిస్తామంటే చేయించుకోండి, మొహమాటం వద్దు, బిడ్డ ప్రాణం ముందు. దండ మాత్రం వెయ్యొద్దు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా పెంచారు. అందులో రాని జబ్బయితేనే వాళ్ల గుమ్మం తొక్కండి, ముందే కాదు.

ఇంకొకటి, ఈ నెలలోనే కావాల్సింది. సమాచార హక్కు చట్టం కింద కలెక్టరాఫీసుకు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, పేదరికపు రేఖ కింద ఉన్నవాళ్లు కార్డు నకలు జతచేస్తే అదీ లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే ఇట్లా రాయండి: "సూర్యాపేట జిల్లా ఏర్పడిన 2016 అక్టోబర్ 11 నుంచి నేటి వరకు జిల్లా ఖనిజ నిధికి మేళ్లచెరువు మండలంలోని గనుల నుంచి ఏ ఏటికాయేడు ఎంత జమ అయింది? అందులో ఈ మండలంలో ఎంత ఖర్చయింది? పిల్లల వైద్యానికి, తాగునీటికి విడివిడిగా ఎంత? ఎస్సీ కాలనీల్లో ఎంత? పనుల పేర్లు, మంజూరు కాగితాల నకళ్లు ఇప్పించగలరు." ఊరికి ఇద్దరు చొప్పున వేరువేరుగా పెట్టండి, ఒక్కరి పేరున పెడితే ఆ ఒక్కరి మీద ఒత్తిడి తెస్తారు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుల నకళ్లు పత్రిక అడ్రసుకు పంపండి, ఊరి పేరు వేసి వరసగా అచ్చేస్తాం.